కడ్డీ తగిలితే ఆగాలి

జూన్ 9, సోమవారం

అమ్మ చేతి తొడుగు ఇవాళ రోలర్ కిందికి వెళ్ళిపోయింది. చెయ్యి వెళ్ళలేదు.

రెండో వాక్యం ముందు రాయాల్సింది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, నవ్వుతూనే చెప్పింది. "నా తొడుగుకి ఇవాళ ఇస్త్రీ అయిందే చిన్నీ. కాయితంలా బయటికొచ్చింది. దాన్ని చూసి పక్క మెషిన్ రేడియో అత్త ఒకటే నవ్వు."

"కడ్డీ తగల్లేదా?"

"తగిలింది."

"తగిలితే ఆగాలి కదమ్మా!"

"ఆగింది. కాస్త నిదానంగా ఆగింది."

"నిదానంగా అంటే ఎంత?"

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "తొడుగంత" అంది.

తరవాత లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

కాలేజీ అయ్యాక డైరీ ముట్టుకోలేదు. భయం వేసినప్పుడు రాసుకుంటే నాకు కొంచెం నయంగా ఉంటుంది. అందుకని మొదటినుంచీ రాస్తాను.

అమ్మ పనిచేసే లాండ్రీకి హోటళ్ళ నుంచి, ఆసుపత్రుల నుంచి దుప్పట్లు వస్తాయి. ఉతికి పిండిన దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో అంచూ పట్టుకుని ఇస్త్రీ మెషిన్‌కి అందిస్తారు. లోపల మనిషి నడుమంత లావు రోలర్లు, తగిలితే చర్మం ఊడొచ్చేంత వేడి. వాటి ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. వేళ్ళు దుప్పటితోపాటు లోపలికి జారితే ముందు ఆ కడ్డీని నెడతాయి. వెంటనే రోలర్లు ఆగిపోవాలి. కడ్డీ కదిలిందని తెలుసుకుని రోలర్లను ఆపే బోర్డు మా కంపెనీది. పాతది పాడైతే పోయిన నెలలో కొత్తది బిగించాం. అందులోని కోడ్ నాది. మొదలునుంచి చివరిదాకా ఒక్కదాన్నే చేసిన మొదటి పని అది.

ఆ బోర్డు తను నిలబడే మెషిన్‌కే పడిందని తెలిసిన రోజు అమ్మ లాండ్రీ అంతా తిరిగి "మా అమ్మాయి చేసిన పెట్టె" అని చెప్పుకుంది. మా ఇంట్లో నాకన్నా ముందు బడికి వెళ్ళినవాళ్ళు లేరు. కోడ్ అంటే ఏమిటో అమ్మకి తెలియదు. పెట్టె తెలుసు.

నా కోడ్‌లో తప్పు లేదు. ఆఫీసులో బెంచి మీద పెట్టి ఎన్నిసార్లు చూశామో లెక్కే లేదు. ప్రతిసారీ ఆగింది.

జూన్ 10, మంగళవారం

స్కోపన్నకి చెప్పాను. మా సీనియర్ ఆయన. కరెంటు కదలికల్ని తెర మీద గీతలుగా చూపించే ఆసిలోస్కోప్‌ని చంటిపిల్లలా చంకలో వేసుకుని తిరుగుతాడని ఆఫీసులో అందరూ అలా పిలుస్తాం. ఆయనకీ తెలుసు, ఏమనుకోడు.

బెంచి మీద అంతా మళ్ళీ కలిపాం. బోర్డు, రోలర్ బదులు చిన్న మోటారు, కడ్డీ బదులు స్విచ్, పక్కన పచ్చగా వెలుగుతూ, లోపలికి ఎన్ని దుప్పట్లు వెళ్ళాయో లెక్క చూపించే ప్యానెల్. స్కోపన్న స్విచ్ నొక్కాడు. మోటారు ఆగింది. మళ్ళీ తిప్పాడు, నొక్కాడు. ఆగింది.

"చూశావా, నా వేలు ఇంకా స్విచ్ మీదే ఉంది. అది ఎప్పుడో ఆగిపోయింది."

"మరి అక్కడెందుకన్నా..."

"లాండ్రీ అంటే ఏమనుకున్నావ్? నీళ్ళు, ఆవిరి, సబ్బు. స్విచ్ తుప్పు పట్టుంటుంది. లేదా కడ్డీ వెనక స్ప్రింగు సాగిపోయుంటుంది. ముందు ఇనుము చూసుకోవాలి తల్లీ, తరవాతే కోడు."

"అవునన్నా, స్ప్రింగే అయ్యుంటుంది" అన్నాను. ఎంత తొందరగా ఒప్పుకున్నానో!

సాయంత్రం అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతూ అడిగింది. "ఇంతకీ కడ్డీ ముట్టుకున్నట్టు నీ పెట్టెకి ఎలా తెలుస్తుందే?"

"ఇంటరప్ట్ అని ఉంటుందమ్మా. ఇప్పుడు నువ్వు మడతపెడుతున్నావా, నేనొచ్చి నీ భుజం తట్టాననుకో. చేతిలో పని అక్కడే వదిలేసి నావైపు తిరుగుతావు కదా. అదే."

"నేనెందుకు తిరుగుతాను? చేతిలో మడత అయ్యాకే తిరుగుతాను."

"అందుకే నువ్వు మెషిన్‌వి కాదు."

ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత పక్కమీద పడుకున్న అమ్మ చేతులు చూస్తూ ఉండిపోయాను. కుడిచేతి మీద వెంట్రుకలు లేవు. ఏళ్ళ తరబడి ఆ వేడికే రాలిపోయాయి.

జూన్ 11, బుధవారం

మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్. తీయడానికి చెయ్యి రాలేదు. తీరా చూస్తే సిమ్ కంపెనీవాళ్ళు.

జూన్ 12, గురువారం

నేనూ స్కోపన్నా లాండ్రీకి వెళ్ళాం. వస్తున్నామని నిన్ననే ఫోన్ చేసి చెప్పాం.

మెషిన్ తళతళలాడుతోంది. కింద నీటి చుక్క లేదు, దారపు పోగు లేదు. ప్యానెల్ అద్దం కూడా తుడిచి పెట్టారు. పెళ్ళిచూపులకి సర్దిన ఇల్లులా ఉంది. అమ్మ తన జోడీ పక్కన చేతులు కట్టుకుని నిలబడి, నన్ను "రండి మేడం" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అమ్మ జోడీని అందరూ నిదానమ్మ అంటారు. నాకు పెద్దమ్మ. అమ్మకన్నా పెద్దది, భుజం సరిగ్గా లేవదు. ఆ పక్క మెషిన్ రేడియో అత్తది. నిద్రలో తప్ప నోరు మూయదు.

"ఏం ఇంజినీరమ్మా, మమ్మల్ని చూడ్డానికి ఫోన్ చేసి మరీ రావాలా?" అంది. "మీ అమ్మ పొద్దుట్నుంచి ఈ మెషిన్‌కి స్నానం చేయిస్తోంది. వదినా, కాటుక కూడా పెట్టకపోయావా?"

సూపర్‌వైజర్ వచ్చాడు. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంది కాబట్టి ఆయన పేరూ విజిలే, ఆయన లేనప్పుడు.

గుడ్డ చుట్టిన కర్రతో కడ్డీని తోశాం. ఆగింది. దుప్పటి వెళ్తుండగా తోశాం. ఆగింది. వేడిలో తోశాం, వేగం పెంచి తోశాం. ప్రతిసారీ ఆగింది. స్విచ్ విప్పితే నిజంగానే లోపల కాస్త తుప్పు కనిపించింది. ఆ తుప్పుని చూసి నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను. కొత్త స్విచ్ బిగించాం.

"చెప్పానా" అన్నాడు స్కోపన్న.

జూన్ 13, శుక్రవారం

స్విచ్ మార్చేశాం. ఇక ఏ భయమూ లేదు. కోడ్ ఫైలు ఒకసారి తెరిచి పైపైన చూసి మూసేశాను. చూడాల్సింది ఏమీ లేదు. స్విచ్ మార్చేశాం కదా.

జూన్ 14, శనివారం

వీధిలో రేడియో అత్త ఎదురైంది.

"మీ పెద్దమ్మ వేలు ఎలా ఉందే?" అంది.

"ఏ వేలు?"

ఆవిడ నోరు మూసుకుంది. రేడియో అత్త నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఇంటికొచ్చి అమ్మని అడిగాను. నిన్న మధ్యాహ్నమట. నిదానమ్మ పెద్దమ్మ చూపుడువేలి కొస. కడ్డీ తగిలింది, రోలర్ తిరుగుతూనే ఉంది, అమ్మ ఆవిడ మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"చిన్న బొబ్బే. మందు రాశాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు తిండి మానేస్తావు. ఇదిగో, ఇలాగే."

కొత్త స్విచ్. నిన్న. కొత్త స్విచ్‌తోనే.

జూన్ 15, ఆదివారం

కొన్నాళ్ళు పనికి వెళ్ళొద్దని అమ్మని బతిమాలాను. ఒంట్లో బాలేదని చెప్పమన్నాను. కావాలంటే ఆఫీసులో నేనే మాట్లాడి మెషిన్ ఆపిస్తానన్నాను. చివరిది అబద్ధం. మాట్లాడే ధైర్యం ఉంటే ఈపాటికి మాట్లాడేదాన్ని.

అమ్మ చీపురు పక్కన పెట్టి నావైపు తిరిగింది.

"నువ్వు చేసిన మెషిన్ దగ్గర నేనే నిలబడకపోతే, ఇంకెవరు నిలబడతారే?"

ఇంతకన్నా తిట్టినా బాగుండేది.

జూన్ 16, సోమవారం

అమ్మ వెళ్ళింది. వచ్చింది. పది వేళ్ళూ ఉన్నాయి.

జూన్ 17, మంగళవారం

అమ్మ కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళింది. ఆఫీసుకి వెళ్తూ ఇచ్చిపోదామని లాండ్రీ వెనక గుమ్మంలోంచి వెళ్ళాను. ఇంజినీరుగా కాదు, కూతురిగా. అందుకే ఎవరికీ ముందు చెప్పలేదు.

ఆవిరిలోంచి ముందు అమ్మ వీపు కనిపించింది, తరవాత మెషిన్. ప్యానెల్ చీకటిగా ఉంది. దాని కేబుల్ ఊడి పక్కకి వేలాడుతోంది.

నన్ను చూడగానే పెద్దమ్మ కంగారుగా కేబుల్ అందుకోబోయింది. వేలికి గుడ్డ కట్టి ఉంది.

"ఉండు పెద్దమ్మా. ఎవరు తీశారు?"

అమ్మే నన్ను దుప్పట్ల బండి చాటుకి తీసుకెళ్ళింది.

"కోప్పడకే. ఆ ప్యానెల్ ఎవరెన్ని దుప్పట్లు వేశారో చూపిస్తుంది కదా. అక్క భుజం లేవదు, మా జోడీ ఎప్పుడూ వెనకే. విజిల్ ఇప్పటికి రెండుసార్లు మందలించాడు, మూడోసారి పంపేస్తానన్నాడు. అందుకని ఆయన అటు వెళ్ళగానే ప్లగ్గు పీకేస్తాం. వచ్చే ముందు పెట్టేస్తాం. అంకె మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది, కరెంటు పోయిందంటాం."

"రోజూనా?"

"రోజూ."

"మరి మేం వచ్చిన రోజు?"

"ఆ రోజు ఎలా తీస్తామే? నువ్వు చేసిన పెట్టె వెలక్కపోతే నీకు మాట రాదూ?"

కళ్ళజోడు చేతిలో పెట్టి వచ్చేశాను. బస్సులో ఆ ఊడిన కేబులే కళ్ళముందు ఊగుతోంది. ఎందుకో నాకు అప్పటికే తెలుసు. తెలియదని చెప్పుకుంటూ ఆఫీసుదాకా వెళ్ళాను.

ఫైలు తెరిచాను. ఈసారి పైపైన చూడలేదు.

దుప్పటి అంచు లోపలికి వెళ్ళగానే ఒక ఇంటరప్ట్ వస్తుంది. ఇంకో దుప్పటి వెళ్ళిందని కేబుల్ మీదుగా ప్యానెల్‌కి చెప్పాలి, లెక్క కూడేది ప్యానెలే. ప్యానెల్ 'అందింది' అని బదులు పంపుతుంది. ఆ బదులు వచ్చేదాకా కోడ్ ఇంటరప్ట్ లోపలే నిలబడి ఎదురుచూస్తుంది. అంతసేపూ మిగతా ఇంటరప్టులన్నీ గుమ్మం బయట ఆగాల్సిందే. కడ్డీది కూడా. ప్యానెల్ బదులిస్తే రెప్పపాటు కూడా పట్టదు. ఇవ్వకపోతే, ఇక రాదులే అని వదులుకునేదాకా ఎదురుచూస్తుంది. దాదాపు ఒక సెకను.

ఆ ముక్క నేను కొత్తగా రాసింది కాదు. కంపెనీ పాత మెషిన్ కోడ్‌లోంచి తెచ్చి పెట్టాను. ఆ మెషిన్‌లో ప్యానెల్ బోర్డుకే అతికి ఉండేది, అది బదులివ్వకపోవడమన్న ప్రశ్నే లేదు. తెచ్చేటప్పుడు ఆ ఎదురుచూసే లైను నా కంటపడింది. ఎందుకో అర్థం కాలేదు. అడిగితే ఈ మాత్రం తెలియదా అంటారని అడగలేదు. ఈ వారమంతా ఫైలు తెరిచినప్పుడల్లా ఆ పేజీ దగ్గరికి రాగానే గబగబా కిందికి జరిపేశాను.

స్కోపన్న స్కోప్ అడిగి తీసుకున్నాను. బెంచి మీద ప్యానెల్ కేబుల్ పీకేశాను. ఎడమచేత్తో దుప్పటి బదులు అట్టముక్కని సెన్సర్ ముందు జరుపుతూ, అదే క్షణంలో కుడిచేత్తో కడ్డీ స్విచ్ నొక్కాను.

మోటారు తిరుగుతూనే ఉంది. తరవాత ఆగింది.

స్కోప్ తెర మీద రెండు గీతలు. పైది కడ్డీ, కిందిది మోటారు. పైది పడ్డాక కిందిది పడేదాకా మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో తొడుగు పడుతుంది. వేళ్ళు పడతాయి. మణికట్టు పడుతుంది.

దుప్పటి అంచు లోపలికి వెళ్ళే క్షణమే చేతులు రోలర్‌కి అన్నిటికన్నా దగ్గరగా ఉంటాయి. బోర్డుకి చెవుడు వచ్చేది సరిగ్గా ఆ క్షణంలోనే.

స్కోపన్న నా వెనక నిలబడి చూశాడు. "ఇంకోసారి నొక్కు" అన్నాడు. నొక్కాను. మళ్ళీ అదే ఖాళీ.

జూన్ 18, బుధవారం

మా ఓనర్‌ని సార్ అంటాం. ఆయన గదిలో నిలబడి అంతా చెప్పాను, ప్యానెల్ ఎవరు పీకుతున్నారన్నది తప్ప. కేబుల్ ఊడినప్పుడు అని మాత్రం అన్నాను.

"కేబుల్ దానంతటదే ఊడదమ్మా. ఎవరో పీకుతున్నారు" అన్నారు సార్. "పీకకూడదని కాగితం అంటించమందాం. ఆ ప్లగ్గుకి తాళం వేయిద్దాం. ఎవరు పీకుతున్నారో కనుక్కుని నాకు చెప్పు, తప్పు వాళ్ళ మీదికి పోతుంది. కొత్త కోడ్ సంగతి వచ్చే నెలలో నిదానంగా చూద్దాం."

"ఈలోగా మెషిన్ ఆపమని చెప్దామా సార్?"

"ఆపమంటే మన బోర్డులో లోపం ఉందని మనమే చెప్పినట్టు. నీకు ఆ మాత్రం తెలియదా?"

నేను భయపడి అడగని ప్రశ్నలన్నిటికీ రావాల్సిన జవాబు ఇవాళ వచ్చింది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ప్యానెల్ తీస్తే కడ్డీ పనిచేయదు, అర్థమైందా, పనిచేయదు అని అరిచాను. అమ్మ తలూపింది.

"సరే, రేపట్నుంచి పెట్టే ఉంచుతాంలే."

చిన్నప్పుడు జ్వరంలో ఏదడిగినా అమ్మ ఈ గొంతుతోనే సరే అనేది.

జూన్ 19, గురువారం

ఆఫీసుకి వెళ్ళలేదు. నేరుగా లాండ్రీకి వెళ్ళాను.

ప్యానెల్ చీకటిగా ఉంది. అమ్మా పెద్దమ్మా దుప్పటి అంచు పట్టుకుని వంగి ఉన్నారు. చేతులు కడ్డీకి దూరంగా పెట్టాలని చూస్తున్నారు కానీ దుప్పటి అలా వెళ్ళదు. చివర్లో వేళ్ళు ముందుకి జారుతూనే ఉన్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు. పక్కనున్న ఎర్ర బటన్ గుద్దేశాను.

మెషిన్ ఆగిపోయింది. ఆ హాల్లో ఒక మెషిన్ ఆగితే ఎంత నిశ్శబ్దమో అంతకుముందు నాకు తెలియదు.

విజిల్ పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు ఆపింది?"

"నేనే సార్."

"బోర్డు కంపెనీ అమ్మాయివి కదూ? ఎవరు ఆపమన్నారు?"

"ఎవరూ అనలేదు. కడ్డీ తగిలినా కొన్నిసార్లు రోలర్ ఆలస్యంగా ఆగుతోంది. తప్పు నా కోడ్‌లో ఉంది. అది సరిచేసేదాకా దీన్ని నడపకూడదు."

"మొన్న అంతా బానే ఉందన్నారు?"

"ప్యానెల్ పనిచేస్తుంటే బానే ఉంటుంది. చేయకపోతే ఆలస్యమవుతుంది."

ఆయన అప్పుడు ప్యానెల్ వైపు చూశాడు. "ఇదెందుకు ఆరిపోయింది?"

పెద్దమ్మ కట్టు కట్టిన వేలిని కొంగు చాటున దాచుకుంది. అమ్మ నేలచూపులు చూస్తోంది. ఆ నిశ్శబ్దం ఇంకాస్త సాగితే పెద్దమ్మే ఒప్పేసుకునేది. అది ఆవిడ ముఖంలో కనిపిస్తోంది.

"ఆ ప్లగ్గు వదులు సార్" అంది రేడియో అత్త పక్క మెషిన్ మీదనుంచి. "గట్టిగా దగ్గినా ఊడిపోతుంది. చెప్పి చెప్పి మా నోళ్ళు నొప్పెడుతున్నాయి."

"నాకెప్పుడు చెప్పావ్?"

"చెప్తూనే ఉన్నాను. మీరు విజిల్ ఊదుతుంటే మీకు వినపడాలిగా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. నావైపు తిరిగాడు. "వదులేనా? మొన్న మీరు చూశారుగా?"

"ప్లగ్గు ఊడినా, ఎవరైనా పీకినా, ఎలక కొరికినా, కడ్డీ తగిలితే రోలర్ ఆగాలి సార్. ఆగకపోతే తప్పు నాదే. ఇంకెవరిదీ కాదు."

ఆయన అందరి ముఖాలూ ఒకసారి చూశాడు. తరవాత ఆఫీసు గదిలోకి వెళ్ళి మా సార్‌కి ఫోన్ చేశాడు. అద్దం వెనక ఆయన నోరు కదలడం చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి వస్తూ దారి పొడుగునా అమ్మ మాట్లాడలేదు. మెట్ల దగ్గర ఆగింది.

"అంతమంది ముందు నీ తప్పని ఎందుకు చెప్పావే?"

"నా తప్పే కాబట్టి."

"మా అమ్మాయి పెట్టె, మా అమ్మాయి పెట్టె అని ఊరంతా చెప్పుకున్నాను..." అని ఆగిపోయి లోపలికి వెళ్ళింది.

జూన్ 20, శుక్రవారం

సార్ తలుపు వేసి మరీ తిట్టారు. కంపెనీ పరువు లాండ్రీలో ఉతికి ఆరేశానట. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అప్పుడు స్కోపన్న తలుపు తోసుకుని లోపలికొచ్చాడు, చంకలో స్కోప్‌తోనే.

"ఆ పాత కోడ్ నేను రాసింది సార్. ఈ పిల్ల తెచ్చుకున్నది నా దగ్గరినుంచే. తిట్టడమంటే వరసలో నేను ముందు."

సార్ ఇద్దర్నీ చూశారు. లాండ్రీవాళ్ళు ఆ మెషిన్ ఆపేశారు, ఆదివారం అక్కడ ఖాళీగా ఉంటుంది, ఆ రోజు సరిచేసి చూపించండి, కాకపోతే ఈ అమ్మాయి సోమవారం రానక్కర్లేదు అన్నారు.

మార్చాల్సిన కోడ్ చాలా చిన్నది. అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఇంటరప్ట్‌లో ఇప్పుడు దుప్పటి వెళ్ళిందని గుర్తుపెట్టుకుని వెంటనే బయటికొచ్చేయడమే. ప్యానెల్‌తో మాటలూ బదులుకోసం ఎదురుచూపులూ అన్నీ బయట, తీరిక ఉన్నప్పుడు. మధ్యలో ఎవరు భుజం తట్టినా వదిలేసి తిరుగుతుంది. స్కోపన్న ఇంకొకటి చేద్దామన్నాడు. పాత బోర్డులో కడ్డీ నుంచి మోటారుకి నేరుగా ఒక తీగ ఉండేది, బోర్డు చిన్నదవుతుందని మేం తీసేశాం. దాన్ని తిరిగి పెడుతున్నాం. కడ్డీ తగిలితే కోడ్‌ని అడక్కుండానే కరెంటు తెగిపోతుంది.

"నా కోడ్ మీద నమ్మకం లేకా అన్నా?"

"నా కోడ్ మీద కూడా లేదు తల్లీ."

జూన్ 21, శనివారం

అమ్మ ఇంకా మాట్లాడటం లేదు. కంచం మాత్రం ముందు పెడుతోంది.

జూన్ 22, ఆదివారం

రోలర్ల వేడి ఆపించాం. తిరగడం ఆపలేదు. విజిల్ వచ్చాడు. అమ్మా, పెద్దమ్మా, రేడియో అత్తా వచ్చారు. వాళ్ళని ఎవరూ పిలవలేదు.

తుడుపుకర్రకి తడిగుడ్డ చుట్టి, దానికి తొడుగు తొడిగాం. "ఎంత బావున్నాడో, సంబంధం చూద్దామా?" అంది రేడియో అత్త. ఎవరూ నవ్వలేదు, ఆవిడతో సహా.

ప్యానెల్ ప్లగ్గు అందరూ చూస్తుండగా నేనే పీకేశాను. ముందు నేరుగా వెళ్ళే ఆ తీగ తీసేసి కోడ్ ఒక్కదాన్నే చూశాం. అమ్మా పెద్దమ్మా దుప్పటి అందించారు, అంచు లోపలికి వెళ్తుండగా స్కోపన్న కర్రతో కడ్డీని తోశాడు. ఆగింది. మళ్ళీ. ఆగింది. తరవాత కోడ్ ఆపేసి తీగ ఒక్కటే. తరవాత రెండూ. పొడి దుప్పటితో, తడి దుప్పటితో, నిదానంగా, పూర్తి వేగంతో. నా కళ్ళు రోలర్ మీద లేవు, స్కోప్ మీద ఉన్నాయి. పై గీత పడగానే కింది గీత పడుతోంది. మధ్యలో ఖాళీ లేదు.

"బానే ఉంది" అన్నాడు విజిల్. తరవాత గడ్డం గోక్కున్నాడు. "కానీ మొన్న కూడా కర్రతోనే చూపించారు. అప్పుడూ బానే ఉంది. రేపు వీళ్ళు నిలబడేది కర్రలతో కాదు కదా. ఎవరైనా చెయ్యి పెట్టి చూపించండి, సోమవారం మెషిన్ నడపనిస్తాను."

ఆయన అన్నది తప్పని అనలేను.

స్కోపన్న నావైపు చూశాడు. అమ్మ అప్పటికే చేతులు చీరకి తుడుచుకుంటోంది. తొడుగు వేసుకోకుండానే ముందుకి వచ్చింది. ముఖంలో ఏమీ లేదు, రోజూ పనికి వచ్చే ముఖమే. నువ్వు చేసిన మెషిన్ దగ్గర నేనే నిలబడకపోతే అన్నది గుర్తొచ్చింది. స్కోప్‌ని నమ్మాను, కోడ్‌ని నమ్మాను, తీగని నమ్మాను. అమ్మ చెయ్యి అటు కదలగానే ఏ ఒక్కదాన్నీ నమ్మలేకపోయాను.

అమ్మకి అడ్డంగా వెళ్ళాను. దుప్పటి అంచు అందుకున్నాను. నన్ను ఈ మెషిన్ దగ్గరికి రానివ్వకూడదనే అమ్మ ఏళ్ళ తరబడి దీని దగ్గర నిలబడింది. దుప్పటి ఎలా పట్టుకోవాలో కూడా నాకు తెలియదు. రోలర్ దాన్ని అందుకుని లాగింది. ఇంత బలంగా లాగుతుందని అనుకోలేదు. నా చెయ్యి నేను తోయకుండానే లోపలికి వెళ్ళింది. వెనక అమ్మ కేక వినిపించింది. వేళ్ళకి కడ్డీ తగిలింది.

ఆగింది.

వేళ్ళకీ రోలర్‌కీ మధ్య ఇంకా చోటుంది. చెయ్యి అక్కడే ఉంచి చూశాను. తీసుకోవాలని తోచలేదు.

అమ్మ నా భుజం పట్టి వెనక్కి లాగి చెంప మీద కొట్టింది. ఊహ తెలిసినప్పటినుంచి అమ్మ నన్ను కొట్టలేదు. దెబ్బ హాలంతా వినిపించింది. విజిల్ తలొంచుకున్నాడు.

"చెయ్యి పోతే దేంతో రాస్తావే? దేంతో బతుకుతావే?" అంది. నా చెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుని ముందూ వెనకా తిప్పి చూసింది. తరవాత వదిలేసి, కిందపడిన దుప్పటి తీసి దులిపింది. "అక్కా, ఆ అంచు అందుకో" అంది పెద్దమ్మతో.

ఇద్దరూ ఆ దుప్పటిని మడతపెట్టారు. ప్యానెల్ ప్లగ్గు మళ్ళీ పెట్టమని ఎవరూ అనలేదు. నేనూ పెట్టలేదు.

రేపు పొద్దున్న రోలర్లు వేడెక్కుతాయి. అమ్మ పక్క గదిలో తొడుగు కుట్టుకుంటోంది. భయం పోయిందని రాద్దామనుకున్నాను, రాయలేను. చెంప ఇంకా చురచురమంటోంది. ఇదంతా రాస్తున్నది ఇవాళ రోలర్ దాకా వెళ్ళిన ఆ చేత్తోనే.